మరల మొదటినుండి

మార్కులెన్ని యని కంప్యూటరు అడుగగా, అంకెకు మారుగా అక్షరములు కొట్టినవానికి అది ఏమని బదులు చెప్పవలెనను ప్రశ్న నేడు ప్రోగ్రామింగు నేర్చు ప్రతి విద్యార్థికిని తొలి పాఠములలోనే ఎదురగుచున్నది గాని, పంచికార్డుల కాలమున ఆ భారము చాలవరకు మనుష్యులే మోసిరి. ఒక ఆపరేటరు మూలకాగితమును చూచి ఎనుబది నిలువువరుసల కార్డుపై రంధ్రములు కొట్టిన పిమ్మట, వేరొకరు ఆ కాగితమునే చూచి ఐ.బి.ఎం. 056 వెరిఫయరు అను సరిచూచు యంత్రముపై అవే మీటలను మరల నొక్కెడివారు. అన్నియు సరిపోయినచో కార్డు కుడియంచున గాటు పడెడిది, లేనిచో తప్పిన నిలువువరుసకు పైనే పడెడిది.

1964లో డార్ట్‌మత్ కళాశాలయందు కెమెనీ, కర్ట్జ్ పండితులు వెలయించిన బేసిక్ భాష తొలిరూపమున ప్రోగ్రాము నడుమ ఆగి వాడుకరి నడుగు ఆజ్ఞయే లేదు. అంకెలన్నియు డేటా వాక్యములలో ముందే వ్రాసియుంచవలెను. 1966 నాటి మూడవ కూర్పుతో ఇన్‌పుట్ ఆజ్ఞ వచ్చినది. దానితోడనే, రెండవ మనుష్యుడు చూడకముందే తప్పు నేరుగా ప్రోగ్రామును చేరు మార్గమును ఏర్పడినది.

మైక్రోసాఫ్ట్ వారి బేసిక్ ఇట్టిచోట 'రీడూ ఫ్రమ్ స్టార్ట్', అనగా మరల మొదటినుండి కొట్టుమని తెలిపి, ప్రోగ్రామును చావనీయక మరల అడిగెడిది. మూడు మార్కులను ఒకే పంక్తిలో అడిగినప్పుడు మూడవదానియందు సున్నకు బదులు 'ఓ' అక్షరము పడినను మూడింటిని తిరిగి కొట్టవలసినదే. అయినను ఆ మొరటు సందేశమును నేను మిక్కిలి గౌరవింతును, ఏలయన అది తప్పును దాచలేదు. మన దేశమున 1984లో ఆరంభమైన క్లాస్ పథకముచే పాఠశాలలకు వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటరులోని బేసిక్ అక్షరములను చూచినచో మారుపలుకక సున్నగా గ్రహించెడిది. పరీక్ష వ్రాసిన బాలునికి సున్న మార్కులు పడినను ఎవ్వరికిని తెలియకుండుట కంటె, మూడుమారులు కొట్టించుటయే మేలు గదా!

సీ భాషలోని స్కాన్‌ఎఫ్ వలన కలుగు చిక్కు వేరు. అంకెను కోరినచోట అక్షరము కనబడినచో అది దానిని తీసివేయక, వరుసలో ఉన్నచోటనే విడిచి, తాను చదువలేకపోతినని మాత్రము ఫలితసంఖ్యతో తెలుపును. ఆ ఫలితమును చూడక మరల అడుగు చక్రమును వ్రాసిన విద్యార్థికి, అదే అక్షరము మరల మరల ఎదురై, తెరపై ప్రశ్న ఎడతెగక పరుగెత్తును. పంక్తినంతయు మొదట అక్షరములుగనే చదివి, పిదప అంకెయగునో కాదో పరీక్షించు పద్ధతి ఈ చిక్కును తప్పించును.

పైతాన్ భాషలో ఇన్‌పుట్ పంక్తిని అక్షరములుగనే ఇచ్చును. దానిని అంకెగా మార్చుట కుదరనిచో వాల్యూఎర్రర్ లేచును. ట్రై, ఎక్సెప్ట్ లతో దానిని పట్టి మరల అడుగవచ్చును. అయితే నూటికి మార్కులడిగినచోట 500 కొట్టినచో అదియు అంకెయే గనుక వాల్యూఎర్రర్ లేవదు. ఆ హద్దును ప్రోగ్రాము వ్రాయువాడే నేటికిని వేరుగా పరీక్షింపవలెను.