నీటి గుండె ఉన్న సరస్సు

కెనడా ఉత్తరాన, ఆర్కిటిక్ వలయాన్ని దాటి పరుచుకున్న సరస్సు గ్రేట్ బేర్. విస్తీర్ణం సుమారు 31,000 చదరపు కిలోమీటర్లు, లోతు 400 మీటర్ల పైమాటే. శీతాకాలం మొదట్లో పేరుకున్న మంచు పూర్తిగా కరిగేసరికి జూలై వస్తుంది. అంత పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఊరు ఒక్కటే, డెలినే. అక్కడి దెనే ప్రజలకు అది సాతు, అంటే ఎలుగుబంటి నీరు.

మంచుయుగం ముగుస్తున్నప్పుడు కరిగిన నీటితో మెక్‌కానెల్ అనే మహాసరస్సు ఏర్పడింది. అది కుంచించుకుపోగా మిగిలిన మడుగుల్లో ఇదొకటి. తూర్పు ఒడ్డు కెనడియన్ షీల్డ్ అనే కవచపు అతిపురాతన శిల. పడమట చదునైన నేల, స్ప్రూస్ చెట్లు, చిత్తడి.

1825లో అన్వేషకుడు జాన్ ఫ్రాంక్లిన్ బృందం పడమటి కొసన చలికాలం గడపడానికి కోట కట్టుకుంది. తర్వాతి పటాల్లో సరస్సు అయిదు పాయలకూ డీస్, కీత్, మెక్‌టావిష్, మెక్‌వికర్, స్మిత్ అనే పేర్లు స్థిరపడ్డాయి. అక్కడ తరతరాలుగా చేపలు పట్టినవాళ్లు పెట్టుకున్న పేర్లకు మాత్రం వాటిలో చోటు దక్కలేదు.

అసలు మలుపు తూర్పు ఒడ్డున వచ్చింది. 1900లో భూగర్భ శాస్త్రవేత్త మాకింతోష్ బెల్ అక్కడి రాళ్ల మీద కోబాల్ట్ గులాబి మరకలు చూసి రాసిపెట్టాడు. ఆ ఆనవాలు పట్టుకుని వెళ్లిన ఖనిజాన్వేషి గిల్బర్ట్ లాబైన్‌కు 1930లో రేడియం, యురేనియం ఉండే పిచ్‌బ్లెండ్ ఖనిజం దొరికింది. పోర్ట్ రేడియం గని వెలిసింది. మొదట రేడియం కోసం తవ్వారు. 1942 నుంచి యురేనియం కోసం, అమెరికా అణుబాంబు పథకానికి. గోనె సంచుల్లో నింపిన ఖనిజాన్ని దెనే మగవాళ్లు భుజాన వేసుకుని, పడవల్లోకి ఎక్కించి దించారు. ఆ దుమ్ము ఎలాంటిదో వాళ్లకెవరూ చెప్పలేదు. గని వ్యర్థాలను సరస్సులోకే వదిలారు. యురేనియం పని 1960లో ఆగింది. మోసినవాళ్లలో క్యాన్సర్‌తో పోయినవాళ్ల కోసం డెలినే ఇప్పటికీ దుఃఖిస్తుంది. ఆ ఖనిజం ఎక్కడికి వెళ్లిందో తెలిశాక, 1998లో ఆ ఊరి ప్రతినిధులు హిరోషిమా వెళ్లి తమ సంతాపం తెలిపారు. తెలియక చేసిన పనికి ఆ భారం మోసింది వాళ్లే కావడం నన్ను కలచివేస్తుంది.

1993లో ఊరికి ఆ కోట వల్ల వచ్చిన ఫోర్ట్ ఫ్రాంక్లిన్ పేరు పోయి డెలినే పేరు అధికారికమైంది. అదే ఏడాది సాతు దెనే, మేటీల భూమి ఒప్పందం కుదిరింది. 2016లో ఊరికి స్వపాలన వచ్చింది, యునెస్కో ఈ ప్రాంతాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది.

ఊరి పెద్దలు చెప్పే కథ ఒకటుంది. గాలం పోగొట్టుకున్న ఒక మనిషి దాన్ని వెతుక్కుంటూ నీటి అడుగుకు వెళ్లాడట. అక్కడ చేపలు కాపలా కాస్తుండగా ఒక పెద్ద గుండె కొట్టుకుంటూ కనిపించిందట. 2005లో సరస్సు పరిరక్షణకు తయారైన ప్రణాళికకు పేరు ఆ కథలోంచే తీసుకున్నారు: నీటి గుండె.