పూనిక నేర్చిన వచ్చునా?



ఒంటిమిట్ట కోదండరామాలయమును చూచినప్పుడెల్ల నాకొక టెంకాయచిప్ప జ్ఞప్తికి వచ్చును. వావిలికొలను సుబ్బారావుగారు దానిని చేతబట్టి ఊరూర యాచించి, ఈ గుడిని ఉద్ధరించిరి. 1936లో పరమపదించిన వారు వర్తకులు కారు. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పండితులు. ఇట్టి పూనిక పుట్టుకతోనే రావలెనా, నేర్చినను వచ్చునా? ఈ ప్రశ్ననే వ్యాపార విషయమున కొందరు విద్వాంసులు పరిశోధించిరి.

1962లో హైదరాబాదునకు తరలివచ్చిన చిన్నపరిశ్రమల శిక్షణసంస్థ, హార్వర్డు ఆచార్యుడు డేవిడ్ మెక్లెలండుతో కూడి, 1964లో కాకినాడ వర్తకులు మొదలగువారు 52 మందికి శిక్షణ నొసగెను. వారి బోధలో నొక ఆట కలదు: నాటిన మేకునకు వలయములు విసరుట. మిక్కిలి దగ్గర నిలిచిన గెలుపు తేలిక. మిక్కిలి దూరమైన అదృష్టమే దిక్కు. కష్టమైనను సాధ్యమగు దూరము నెంచుకొనుటయే పూనిక గలవాని లక్షణము.

1969లో ఆయన డేవిడ్ వింటరుతో ప్రకటించిన గ్రంథమున ఫలితము తెలిపిరి. శిక్షణ పొందినవారు పొందనివారికంటె ఎక్కువ పెట్టుబడి పెట్టి, ఎక్కువమందికి పని కల్పించిరి. పూర్వాచారములు అందుకు అడ్డు రాలేదు. అయితే, తమ వ్యాపారమున తామే నిర్ణయింపగలవారియందే ఆ ఫలితము మెండుగ కనబడెను.

పెద్దలారా! “వ్యాపారము మన కులవృత్తి కాదు” అని నేనును మాయింటి పిల్లవానితో నంటిని. ఆ మాటకు నేడు చింతించుచున్నాను. పిల్లలకు చదువు చెప్పించిన చాలదు. కొంత పెత్తనమును ఇయ్యవలెను. చిప్ప తనచేత నున్నప్పుడే గదా పూనిక ఫలించునది!