సువార్త: కబురూ బతుకూ

కుల్కచర్ల నుంచి వికారాబాద్, తాండూరు దాకా క్రైస్తవుల నోట తరచూ వినిపించే మాట 'సువార్త'. మంచి కబురు అనే అర్థమున్న గ్రీకు మాట 'యువాంగెలియోన్'కు ఇది సరైన జోడు: 'సు' అంటే మంచి, 'వార్త' అంటే కబురు. అయితే సంస్కృతంలో 'వార్త'కు మరో పాత అర్థముంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో వార్త అంటే సేద్యం, పశుపోషణ, వర్తకం. ఒక్క మాటలో బతుకుతెరువు. కంది చేనులో న్యాయమైన కూలి, అంగడిలో సరైన తూకం కూడా సువార్తేనని ఆ అర్థం మనకు గుర్తుచేస్తుంది.

అనువాదకులు కౌటిల్యుణ్ణి తలచి ఈ మాట ఎంచి ఉండరు కదా అనవచ్చు. నిజమే, వ్యుత్పత్తి ఒక్కటే రుజువు కాదు. కానీ మంచి కబురు చేతల్లోనూ కనిపించాలని బైబిలే చూపిస్తుంది. లూకా సువార్త 10వ అధ్యాయంలో యేసు చెప్పిన కథలోని మంచి సమరయుడు దారిలో పడి ఉన్నవాడి మతం అడగలేదు. గాయాలు కట్టి, సత్రానికి చేర్చి, ఖర్చు భరించాడు. ఈ ప్రేమ మతం మార్చే ఎర అన్న అనుమానమూ ఉంది. ఎరకు ప్రతిఫలం కావాలి, ప్రేమకు అక్కర్లేదు. క్రైస్తవ ఆసుపత్రి లాంటి చోట రోగి నమ్మకం ఏదైనా గాయం గాయమే. అలాగని మౌనమూ చాలదు. ఎందుకింత ఆదరణ అని పొరుగువారు అడిగితే విశ్వాసాన్ని దాచకుండా, వినయంగా చెప్పాలి. వారి మాటా వినాలి. వారు కాదన్నా ప్రేమ తగ్గకూడదు. అప్పుడే ఆ వార్తకు ముందున్న 'సు' నిలుస్తుంది.