తీరం దాటని తుపాను

1743 అక్టోబరు 21న ఫిలడెల్ఫియాలో రాత్రి తొమ్మిది గంటల వేళకు చంద్రగ్రహణం పట్టాలి. దాన్ని చూడాలని బెంజమిన్ ఫ్రాంక్లిన్ కాచుకు కూర్చున్నాడు. ఈలోగా ఈశాన్యం నుంచి గాలివాన విరుచుకుపడింది. చంద్రుడు సరే, ఒక్క చుక్క కూడా కనిపించలేదు. గాలి ఈశాన్యం నుంచి వీచింది కాబట్టి అటువైపే ఉన్న బోస్టన్‌ను ఈ వాన ముందుగానే ముంచెత్తి ఉంటుందని ఆయన అనుకున్నాడు. తీరా బోస్టన్‌లో ఉన్న అన్నగారి నుంచి కబురు వచ్చాక చూస్తే, అక్కడివాళ్లు గ్రహణాన్ని హాయిగా చూశారు. గాలివాన ఆ తర్వాత గానీ వాళ్లను చేరలేదు.

ఫ్రాంక్లిన్ ఊరుకోలేదు. మిగతా వలస రాజ్యాల్లో అదే గాలివాన ఎక్కడ ఎప్పుడు మొదలైందో ఆరా తీశాడు. దక్షిణాదిన ముందు, ఉత్తరాదిన వెనక అని తేలింది. గాలి ఒకవైపు వీస్తున్నా, ఆ గాలిని మోసుకొచ్చే తుపాను మరోవైపు ప్రయాణం చేస్తుందని ఆయనకు అప్పుడు అర్థమైంది. 1750లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఈ సంగతి వివరించాడు. ఆ రాత్రి గ్రహణాన్ని మింగేసింది తీరం వెంబడి ఉత్తరానికి సాగిపోయిన హరికేనే అయి ఉంటుందని వాతావరణ చరిత్రకారుల అంచనా. అమెరికా తూర్పు తీరంలో వాతావరణ జోస్యం చెప్పేవాళ్లకు ఇలాంటి తుపానే ఆనాటి నుంచి ఈనాటి దాకా గట్టి పరీక్ష పెడుతోంది. నేల మీదికి రాదు, అలాగని వదిలిపెట్టదు.

తీరం పటం చూస్తే కారణం కొంత బోధపడుతుంది. నార్త్ కరొలినా దగ్గర నేల మోచేయిలా అట్లాంటిక్‌లోకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ కొసనే కేప్ హాటరస్ అంటారు. ఆఫ్రికా వైపు నుంచి పడమరకు వచ్చే హరికేన్లు, బెర్ముడా చుట్టూ తిష్ఠ వేసిన అధిక పీడనానికి దక్షిణపు అంచు పట్టుకుని నడుస్తాయి. ఆ అంచు అయిపోయిన చోట ఉత్తరానికి మళ్లుతాయి. ఆపైన పడమటి గాలులు అందుకుని ఈశాన్యంగా, చాలా వేగంగా వెళ్లిపోతాయి. అధిక పీడనం ఆ వారం ఓ రెండు మూడు వందల కిలోమీటర్లు పడమరకు జరిగి ఉంటే తుపాను ఊళ్ల మీద పడుతుంది. తూర్పుకు జరిగి ఉంటే ఊళ్లవాళ్లకు అల్లంత దూరాన సముద్రంలోనే దాటిపోతుంది.

అలా పక్కనుంచి పోయే తుపానుకు తీరంలో ఒక వరస ఉంటుంది. మొదట ఈశాన్యపు గాలి, కేంద్రం ఎదురుగా వచ్చేసరికి ఉత్తరపు గాలి, అది దాటాక వాయవ్యపు గాలి. తీరం తుపానుకు ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి గాలి జోరు కొంత తక్కువే. హాటరస్ లాంటి సన్నటి ఇసుక దీవుల మీద మాత్రం ఈ గాలి మార్పే ముప్పు. దీవుల వెనక పామ్లికో సౌండ్ అనే పెద్ద ఉప్పుటేరు ఉంది. ఈశాన్యపు గాలి అందులోని నీటిని ఆ చివరకు నెట్టేస్తుంది. గాలి పడమరకు తిరగ్గానే ఆ నీరంతా వెనక్కి వచ్చి ఊళ్లను దొడ్డిదారిన ముంచుతుంది. ఎదురుగా సముద్రం కోసేస్తుంటే, వెనకనుంచి ఏరు పొంగుతుంది. ఈ దీవులను తెంచి హాటరస్, ఓరెగాన్ అనే రెండు మొగలను తెరిచింది 1846 సెప్టెంబరులో వచ్చిన ఒకే ఒక తుపాను.

అమెరికాలో ప్రభుత్వ వాతావరణ సేవ 1870లో సైన్యం చేతుల్లో మొదలైంది. ఆ ఏడాది నవంబరు 1న 24 కేంద్రాల నుంచి తంతి ద్వారా పరిశీలనలు అందాయి. మొదట్లో ఆ హెచ్చరికలన్నీ ఓడల వాళ్ల కోసమే. నేల మీద ఉన్నవాడి సంగతి తర్వాత. తీరం పొడుగునా స్తంభాలు పాతి, ఎర్రటి గుడ్డ నడుమ నల్ల చదరం ఉన్న జెండా ఎగరేసేవారు. దానికి తోడు మూడు మూలల చిన్న జెండా ఉండేది. అది ఎర్రదైతే గాలి తూర్పు వైపు నుంచి, తెల్లదైతే పడమటి వైపు నుంచి. పెద్ద జెండాకు పైన కడితే ఉత్తరం కలిసినట్టు, కింద కడితే దక్షిణం కలిసినట్టు. ఈ లెక్కన పైన ఎర్రది ఎగిరితే ఈశాన్యపు గాలి. కొన్ని గంటల తర్వాత దాని చోట తెల్లది ఎక్కితే తుపాను దాటిపోతోందన్నమాట. చదవడం రాని జాలరి కూడా ఆ జెండా చూసి, వల సర్దుకోవాలో వద్దో తేల్చుకోగలిగేవాడు. నల్ల చదరం జెండాలు ఒకదాని కింద ఒకటి రెండు ఎగిరితే హరికేన్. రాత్రయితే రెండు ఎర్ర లాంతర్లు, నడుమ ఒక తెల్లది.

మన రేవుల్లో ఎగరేసే ఒకటో నంబరు హెచ్చరికది కూడా ఇదే పని. తుపాను ఎక్కడో దూరాన నడిసముద్రంలో ఉందని ఓడలకు చెప్పడానికే దాన్ని పెట్టారు. అమెరికన్లు జెండాలు పాతుతున్న కాలంలోనే విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు తన జగ్గారావు వేధశాలలో రోజూ వాతావరణ పరిశీలనలు నమోదు చేస్తుండేవారు. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుని అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. రెండు తీరాల్లోనూ జనం ప్రాణాలు పోయాకే ప్రభుత్వాలు కళ్లు తెరిచాయి.

సముద్రంలోకి మళ్లిపోతుందిలే అన్న నమ్మకం అమెరికాను రెండుసార్లు ఘోరంగా దెబ్బ తీసింది. మొదటిది 1900 సెప్టెంబరు. క్యూబా దాటిన తుపాను ఫ్లోరిడా మీదుగా వంపు తిరిగి అట్లాంటిక్‌లోకి పోతుందని వాషింగ్టన్‌లోని వాతావరణ శాఖ అంచనా వేసింది. అది గల్ఫ్‌లోకి, టెక్సాస్ వైపుకు పోతుందని హవానాలోని శాస్త్రజ్ఞులు అన్నారు. వాళ్ల మాట వినకపోగా, వాళ్ల తుపాను తంతి కబుర్లకు అప్పటికే అడ్డు పెట్టారు. నిజానికి ఈ విద్యలో హవానావాళ్లే ముందున్నారు. బెలెన్ కళాశాలలో ఫాదర్ బెనిటో వీనియెస్ 1870 నుంచి ఎత్తైన ఈకమబ్బుల బారులను, సముద్రపు పోటును గమనించి తుపాను జాడ కట్టేవాడు. 1875 సెప్టెంబరులోనే హరికేన్ హెచ్చరిక ప్రకటించాడు. టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్‌లో వాతావరణ అధికారి ఐజక్ క్లైన్‌కు సెప్టెంబరు 8 తెల్లవారుజామున అలాంటి సూచనే కనిపించింది. గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తున్నా, పొడుగాటి బరువైన అలలు ఆ గాలికి ఎదురెక్కి ఊళ్లోకి వస్తున్నాయి. ఆ రాత్రికి గాల్వెస్టన్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. చనిపోయినవాళ్లు కనీసం 6,000 మంది.

రెండోది 1938. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే ఇక్కడ అడ్డం వచ్చింది అనుభవమే. సెప్టెంబరు మూడో వారంలో ఒక పెద్ద హరికేన్ బహామాల దిశగా వచ్చింది. ఫ్లోరిడాకు హెచ్చరికలు వెళ్లాయి. అది ఫ్లోరిడాను తాకకుండా ఉత్తరానికి మళ్లింది. అక్కడివాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. బాధ్యత జాక్సన్‌విల్ కార్యాలయం నుంచి వాషింగ్టన్‌కు మారింది. హాటరస్ దాకా వచ్చిన తుపాను తూర్పుకు వంగి సముద్రంలో కలిసిపోతుందని అక్కడి పెద్దలకు ఏళ్ల తరబడి అలవాటైన లెక్క. న్యూ ఇంగ్లండ్‌ను ఇంతటి హరికేన్ తాకింది 1815లో. అది చూసినవాడు ఎవడూ బతికి లేడు.

సెప్టెంబరు 21న ఆ కార్యాలయంలో చార్లెస్ పియర్స్ అనే 28 ఏళ్ల చిన్న ఉద్యోగి పటం గీస్తున్నాడు. తుపానుకు తూర్పున ఒక అధిక పీడనం, పడమరన ఇంకొకటి. రెంటి నడుమ ఉత్తరానికి సన్నటి సందు. తుపాను వంగడానికి తోవ లేదు, ఆ సందులోంచి నేరుగా లాంగ్ ఐలండ్ మీదికి పోతుందని అతను వాదించాడు. పైఅధికారులు ఒప్పుకోలేదు. వాళ్లకు మరో సంగతి కూడా అడ్డం వచ్చింది. ముందటి హెచ్చరికలు విన్న ఓడలన్నీ బుద్ధిగా రేవుల్లోకి, దూరాలకు తప్పుకున్నాయి. దాంతో తుపాను పక్కనుంచి కబురు పంపే ఓడ ఒక్కటీ మిగల్లేదు. హెచ్చరిక పనిచేసినందువల్లే కార్యాలయానికి కళ్లు పోయాయి.

ఉదయం హాటరస్‌కు ఎదురుగా ఉన్న తుపాను, మధ్యాహ్నం మూడు గంటల వేళకు లాంగ్ ఐలండ్ మీద ఉంది. నేలను తాకేటప్పటికి అది గంటకు సుమారు 75 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతోంది. విషువత్కాలపు పెద్ద పోటు దానికి తోడైంది. బోస్టన్ దగ్గరి బ్లూ హిల్ వేధశాలలో గాలి విసురు గంటకు 186 మైళ్లు నమోదైంది. ప్రావిడెన్స్ నగరం నడిబొడ్డున కార్లు మునిగిపోయాయి. రోడ్ ఐలండ్‌లోని నేపట్రీ పాయింట్ మీద ఉన్న ఇళ్లన్నీ కొట్టుకుపోయాయి. ఆ ఇసుకతిన్నె మీద మళ్లీ ఎవరూ ఇల్లు కట్టలేదు. మృతులు 600కు పైనే. వాళ్లలో చాలామందికి హరికేన్ అన్న మాటే ఆ రోజు చేరలేదు.

ఆ దెబ్బ తర్వాత మార్పులు చకచకా వచ్చాయి. 1943 జులైలో జోసెఫ్ డక్‌వర్త్ అనే సైనిక పైలట్ గాల్వెస్టన్ దగ్గర హరికేన్ కంట్లోకి విమానం నడిపి బయటకు వచ్చాడు. మరుసటి ఏటి నుంచి విమానాలు తుపానులను వెతుక్కుంటూ వెళ్లడం మామూలైంది. మయామీ కేంద్రానికి పెద్ద అయిన గ్రేడీ నార్టన్ రేడియోలో నింపాదిగా మాట్లాడి జనాన్ని నడిపించాడు. 1954 అక్టోబరులో హేజెల్ తుపాను వెంట పగలూ రాత్రీ పడి, ఆ పనిలో ఉండగానే చనిపోయాడు. 1961లో టైరోస్ ఉపగ్రహం ఎస్తర్ అనే హరికేన్‌ను అందరికంటే ముందు కనిపెట్టింది. ఆ ఎస్తర్ న్యూ ఇంగ్లండ్ దాకా వచ్చి, అక్కడ సముద్రంలోనే గిరగిరా ఒక చుట్టు తిరిగి, బాగా నీరసించాక గానీ నేల ఎక్కలేదు. 1970లలో 24 గంటల ముందు చెప్పే స్థానం సగటున 200 కిలోమీటర్లు తప్పేది. ఇప్పుడు ఆ తప్పు 60 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటోంది.

ఈ గెలుపు చిన్నది కాదు. అయితే సముద్రంలో దాటిపోతుందన్న జోస్యం నిజమైన రోజుల్లో కూడా మనుషులు పోతూనే ఉన్నారు. కారణం క్లైన్ చూసిన ఆ పొడుగాటి అలలే. ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య 15 సెకన్ల ఎడం ఉంటే, లోతైన నీటిలో ఆ బారు రోజుకు దాదాపు 1,000 కిలోమీటర్లు పోతుంది. పడమటి గాలులు అందుకోకముందు హరికేన్ మామూలుగా అందులో దాదాపు సగం దూరమే పోతుంది. అందుకే తుపాను ఇంకా బెర్ముడా కింద ఉండగానే దాని అలలు ఎండ కాస్తున్న న్యూజెర్సీ ఒడ్డుకు వచ్చేస్తాయి. ఒడ్డున పోగైన నీరు వెనక్కి వెళ్లేందుకు ఇసుకమేటల నడుమ సందులు వెతుక్కుంటుంది. అక్కడ నడుం లోతులో నిలుచున్నవాణ్ని లోపలికి లాక్కుపోతుంది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. విశాఖ ఆర్కే బీచ్‌లో ఏటా ఎవరో ఒకరి ఇంట్లో విషాదం నింపే లాగుడు కూడా ఇదే.

1999 ఆగస్టు చివర్లో డెనిస్ అనే హరికేన్ హాటరస్‌కు ఎదురుగా రోజుల తరబడి తచ్చాడి, రోడ్డును తెంచి, తీరాన్ని కోసి, ఆనక బలహీనపడి వెనక్కి తిరిగి నేల మీదికి వచ్చింది. కేప్ హాటరస్ దీపస్తంభాన్ని 2,900 అడుగులు లోపలికి జరిపే పని సరిగ్గా అంతకు ముందు నెలలోనే పూర్తయింది. 2009 ఆగస్టు 23న బిల్ అనే హరికేన్ మెయిన్ రాష్ట్రానికి దూరంగా పోతుంటే, అకేడియా జాతీయ పార్కులో అలలు చూడ్డానికి వేలమంది చేరారు. బండల మీద నిలుచున్నవాళ్లను ఒక అల ఊడ్చేసింది. ఏడేళ్ల పాప చనిపోయింది. అమెరికా హరికేన్ కేంద్రం లెక్కల్లో 1963 నుంచి 2012 దాకా తుపాను మరణాల్లో సగం ఉప్పెన వల్ల వచ్చినవి, అలలు, రిప్ కరెంట్ల వాటా సుమారు 6 శాతం. తర్వాతి పదేళ్లలో ఆ వాటా సుమారు 15 శాతానికి పెరిగింది.

ఇళ్ల సంగతి కూడా అంతే. 2024 ఆగస్టులో ఎర్నెస్టో బెర్ముడా దాపుల్లో ఉండగా నార్త్ కరొలినాలోని రొడాంతీలో ఒక ఇల్లు కాళ్లు విరిగి సముద్రంలో తేలింది. మరుసటి ఆగస్టులో ఎరిన్ నేలకు వందల కిలోమీటర్ల దూరాన దాటినా, హాటరస్, ఓక్రకోక్ దీవులను ముందుగానే ఖాళీ చేయించారు. ఆ దీవుల 12వ నంబరు రోడ్డు మీదికి సముద్రం ఎక్కింది. న్యూయార్క్ నగరం తన బీచ్‌లలో ఈత ఆపేసింది. అదే ఏడాది సెప్టెంబరు 30న హంబెర్టో, ఇమెల్డా రెండూ దూరంగా సముద్రంలోనే ఉండగా హాటరస్ దీవిలోని బక్స్‌టన్‌లో ఒక్క మధ్యాహ్నంలో అయిదు ఇళ్లు కూలాయి. తుపాను ఇంకెక్కడో తీరం దాటినా తమ బీచ్ రోడ్డు కోతకు గురికావడం ఉప్పాడ వాళ్లకు బాగా తెలిసిన కష్టమే.

జెండా కేంద్రాలను వాతావరణ శాఖ 1989 ఫిబ్రవరిలో ఆపేసింది. ఇప్పుడు ఆ పని స్థానిక కార్యాలయాల సూచనలది. నార్త్ కరొలినా దీవులను న్యూపోర్ట్ కార్యాలయం చూసుకుంటుంది. తుపాను దూరాన ఉన్నా రిప్ కరెంట్ ముప్పు తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అని బీచ్ వారీగా చెబుతుంది. ఓడల కోసం పుట్టిన హెచ్చరిక ఇవాళ టవలు భుజాన వేసుకుని ఇసుకలో నడిచే కుటుంబం దగ్గరికి వచ్చింది. ఆ కుటుంబాల్లో అదే రాష్ట్రంలోని క్యారీ, మోరిస్‌విల్‌ల నుంచి లేబర్ డే సెలవులకు పిల్లలతో బయల్దేరే తెలుగువాళ్లూ ఉన్నారు. బయల్దేరే ముందు వాళ్లు చూసేది వాన పడుతుందా లేదా అన్నదే. ఆకాశం నిర్మలంగా ఉంటే ఆ ప్రశ్నకు జవాబు దొరికినట్టే, అలల ప్రశ్న మిగిలే ఉంటుంది. లేబర్ డే పడే సెప్టెంబరు మొదటి సోమవారంతో చాలా బీచ్‌లలో లైఫ్‌గార్డులు తగ్గిపోతారు, హరికేన్ల రద్దీ మాత్రం సెప్టెంబరు 10 ప్రాంతంలో పతాకస్థాయికి చేరి అక్టోబరు దాకా సాగుతుంది. 2019లో లోరెంజో ఆ చివరి రోజుల్లోనే వచ్చింది. అది అట్లాంటిక్‌కు ఆవలి వైపున అజోర్స్ దీవుల దిశగా పోయింది, దాని అలలు నార్త్ కరొలినా బీచ్‌లలో మనుషులను మింగాయి.