ప్లిమత్ గ్రామములో ఒక దినము

క్రిస్మసు రాత్రి మన గుడిలో పిల్లలు తలలకు తువ్వాళ్లు చుట్టుకొని గొల్లలుగా నిలుచుదురు. ఒక చిన్నది దుప్పటి కప్పుకొని మరియమ్మ యగును. వారు ఎవరి బిడ్డలో మనకు తెలిసియే యున్నను, ఆ గడియలో మన కన్నులు బేత్లెహేమునే చూచును. ఈ పనిని ఒక్క రాత్రి కొరకు గాక, ఊరికి ఊరే కట్టి, వసంతకాలము మొదలు నవంబరు నెల వరకు చేయు స్థలమొకటి అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమునందు ప్లిమత్ పట్టణము దగ్గర కలదు. 1947లో హెన్రీ హార్న్‌బ్లోయర్ అను నతడు దానిని స్థాపించెను. చాలకాలము ప్లిమత్ ప్లాంటేషన్ అని పిలువబడి, 2020లో ప్లిమత్ పటుక్సెట్ అను పేరు పెట్టుకొనెను. ఈ పేరు ఎందుకు మారెనో ముందు చెప్పుదును.

మన పల్లెల బిడ్డలనేకులు నేడు ఆ దేశమందు ఉద్యోగములు చేయుచున్నారు. సెలవు దినములలో పిల్లలను వెంటబెట్టుకొని ఇట్టి చోట్లకు పోయి, ఫోటోలు పంపుదురు. ఆ ఫోటోలు చూచి మురిసిపోవు తాతలును అమ్మమ్మలును వాటి వెనుకనున్న చరిత్రను గూడ ఎరిగియుండుట మంచిది.

అక్కడికి పోయిన కుటుంబము చూచువాటిలో ఒకటి ఇంగ్లీషువారి గ్రామము. కొయ్య స్తంభములు, మట్టి మెత్తిన గోడలు, గడ్డి కప్పులు, చుట్టును కఱ్ఱల దడి, ఇంటి ప్రక్క కూరపాదులు, మేకలు, కోళ్లు. లోపల పొయ్యి మీద కుండ ఉడుకుచుండగా తలకు గుడ్డ కట్టిన స్త్రీ గరిటె త్రిప్పుచుండును. ఆమెను పలుకరించినయెడల 1620ల నాటి మనిషివలెనే జవాబిచ్చును. టెలిఫోను మాట యెత్తినచో అదేమియో తెలియనట్లు చూచును. పట్టణపు పిల్లలకు ఇదంతయు వింత. మన పెద్దలకైతే గడ్డి యిల్లు, కట్టెల పొయ్యి వింతలు కావు.

ఈ గ్రామస్థుల కథ ఏమి? 1620లో మేఫ్లవర్ అను ఓడలో 102 మంది ప్రయాణికులు ఇంగ్లండునుండి బయలుదేరి 66 దినములు సముద్రముమీద నుండిరి. వారిలో కొందరు తమ దేశపు రాజ సంఘమును విడిచి, హాలెండులోని లైడెన్ పట్టణమున కొన్ని సంవత్సరములు కాపురమున్నవారు. మిగిలినవారిలో పలువురు బ్రతుకుతెరువు కొరకే వచ్చినవారు. మొదటి చలికాలములోనే దాదాపు సగము మంది చనిపోయిరి. మరుసటి సంవత్సరము పంట కోయునాటికి వివాహిత స్త్రీలు నలుగురే మిగిలిరి.

గ్రామము మీదిభాగమున ఒక కోట కనబడును. పైన ఫిరంగులు, క్రింద ఆరాధన స్థలము. 1627లో ఆ ఊరు చూచిన ఒక డచ్చి వర్తకుడు వ్రాసిన ప్రకారము, డోలు మ్రోగగానే జనులు తుపాకులు పట్టుకొని, వరుసకు ముగ్గురు చొప్పున గుడికి నడచుచుండిరి. కాని వారికి కాపరి లేడు. వారి కాపరియైన జాన్ రాబిన్సన్ లైడెనులోని మిగిలిన మందతో ఆగిపోయి, 1625లో అక్కడనే మరణించెను. సంఘపు పెద్దయైన విలియం బ్రూస్టర్ ప్రతి ఆదివారము వాక్యము చెప్పెను గాని, అభిషేకము పొందినవాడు కానందున బాప్తిస్మమైనను ప్రభు భోజనమైనను ఇయ్యలేదు. 1629లో ఒక బోధకుడు వచ్చువరకు వారు బల్ల లేకయే కనిపెట్టిరి. కాపరి ఎప్పుడు వచ్చునా యని నెలల తరబడి ఎదురుచూచిన మన చిన్న సంఘములకు ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు.

ఇంగ్లీషు గ్రామము దాటి ఏటి వైపు పోయిన కుటుంబమునకు వేరొక నివాసస్థలము కనబడును. చెట్ల బెరడు కప్పిన యిండ్లు, మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి నాటిన చేను, నిప్పుతో కాల్చి తొలిచిన దుంగ పడవ. ఇక్కడ పనిచేయు ఆదివాసులు నాటకమాడరు. పూర్వపు దుస్తులు ధరించినను నేటి మాటలే మాటలాడుదురు. తమ జనము గతించిపోలేదు గనుక, గతించినవారివలె నటింప నక్కరలేదు.

పటుక్సెట్ అనునది ఆ చోట ముందున్న వాంపనోగ్ ప్రజల గ్రామపు పేరు. 1616 మొదలు 1619 వరకు ఆ తీరమున వచ్చిన తెగులు ఆ ఊరంతటిని తుడిచివేసెను. టిస్క్వాంటమ్ అను ఆ గ్రామస్థుని 1614లో ఒక ఇంగ్లీషు ఓడ నాయకుడు మోసముతో పట్టి స్పెయినులో అమ్మజూచెను. అతడు ఏలాగో తప్పించుకొని ఇంగ్లండు మీదుగా 1619లో ఇల్లు చేరగా, పలుకరించువాడు ఒక్కడును లేడు. ఇంగ్లీషువారు దున్నిన నేల ఆ చచ్చినవారి పొలమే. ఓడ దిగిన క్రొత్తలో వారు ఇసుకలో పాతిపెట్టిన పరుల విత్తనపు జొన్నలను త్రవ్వి తీసికొనిరి. తరువాత సొంతదారులకు బదులు చెల్లించిరి. అట్టివారికి టిస్క్వాంటమే మొక్కజొన్న మొదట చేపలు ఎరువుగా వేసి నాటుట నేర్పెను.

1621 మార్చిలో వాంపనోగ్ పెద్దయైన మససోయిట్ వారితో సమాధానపు ఒడంబడిక చేసెను. ఆ యేటి పంట చేతికి వచ్చినప్పుడు, అతడు తొంబది మందితో వచ్చి, అయిదు జింకలను తెచ్చి, మూడు దినములు వారితో భోజనము చేసెను. నేడు అమెరికావారు నవంబరు నెలలో ఆచరించు కృతజ్ఞతా దినమునకు ఈ విందునే మూలముగా చెప్పుకొందురు. ఫోటోలలో చెప్పబడు కథ సాధారణముగా ఇక్కడ ఆగును.

చరిత్ర ఆగలేదు. క్రొత్తవారు వేలకు వేలుగా వచ్చిరి. భూములు చేతులు మారెను. 1675లో మససోయిట్ కుమారుడైన మెటాకమ్ యుద్ధమునకు దిగెను. 1676 ఆగస్టు 12న అతడు చంపబడెను. అయిదు దినములకు ప్లిమత్ సంఘము కృతజ్ఞతారాధన జరుపుకొనగా, ఆ దినముననే అతని తలను ఊరిలోనికి తెచ్చిరి. ఆ తల యేండ్ల తరబడి కఱ్ఱమీద నిలిచెను. తండ్రి విందు చేసిన ఊరిలో కుమారుని తల!

మెటాకమ్ భార్యయు తొమ్మిదేండ్ల కుమారుడును చెరలో నుండిరి. బాలునికి ఏమి చేయవలెనని అధికారులు బోధకుల నడిగిరి. జాన్ కాటన్, శామ్యూల్ ఆర్నాల్డ్ అను ఇరువురు బైబిలు విప్పి, సౌలు, ఆకాను, హామానుల యింటివారి గతి చూపి, బాలుని చంపవచ్చుననిరి. జేమ్స్ కీత్ అను మరియొక బోధకుడు అదే బైబిలు విప్పి, రెండవ దినవృత్తాంతముల 25వ అధ్యాయమును చూపెను. తండ్రుల దోషమునకు పిల్లలు చావకూడదను ధర్మశాస్త్రపు ఆజ్ఞను అనుసరించి రాజైన అమజ్యా హంతకుల పిల్లలను బ్రతుకనిచ్చిన సంగతి అక్కడ నున్నది. బాలుడు చంపబడలేదు, 1677లో బానిసగా పరదేశమునకు అమ్మబడెను. మససోయిట్ మనుమడతడు.

ప్రియ చదువరులారా, వారందరు వాక్యము చదివినవారే. కోపముతో విప్పిన చేతికి ఒక వచనము దొరకెను. కనికరముతో విప్పిన చేతికి మరియొకటి దొరకెను. కక్ష పట్టిన దినమున, పొలము గట్టు తగాదా వచ్చిన దినమున మన చేయి ఏ పుట తిప్పుచున్నది?

వెలుగుగల సంగతియు ఒకటి కలదు. జాన్ ఎలియట్ అను బోధకుడు ఆదివాసులైన సహాయకులతో కలిసి వారి భాషలోనికి బైబిలును తర్జుమా చేసెను. 1663లో అచ్చయిన ఆ గ్రంథమే ఆ ఖండమున మొదట అచ్చుపడిన సంపూర్ణ బైబిలు. తరువాత వాంపనోగ్ భాష మాటలాడువారు లేక నూరేండ్లకు పైగా మూగబోయెను. 1993లో జెస్సీ లిటిల్ డో బేర్డ్ అను వాంపనోగ్ స్త్రీ ఆ భాషను తిరిగి లేపు పనికి పూనుకొనగా, ఎలియట్ బైబిలే ఆమెకు గొప్ప ఆధారమాయెను. ఇప్పుడు పిల్లలు ఆ పలుకులు మరల నేర్చుకొనుచున్నారు.

1840లో నెల్లూరు చేరి తెలుగువారి మధ్య పని చేసిన సామ్యూల్ డే దొరను పంపిన అమెరికన్ బాప్టిస్టు మిషను కార్యాలయము ఆ దినములలో బోస్టనులో నుండెను. ప్లిమత్ అక్కడికి సుమారు నలువది మైళ్లు. ఆ నేలనుండి మనకు మేలు వచ్చెను గనుక దాని దోషమును దాచవలెనా? దావీదు కీర్తనలను, దావీదు పాపమును ఒకే గ్రంథము మనకు అందించెను. 1970 మొదలు కృతజ్ఞతా దినముననే ప్లిమత్ కొండమీద ఆదివాసులు సంతాప దినము ఆచరించుచున్నారు. ఒకే దినమున ఒకే ఊరిలో కొందరు పాడుదురు, కొందరు ఏడ్తురు.

కాబట్టి పరదేశమందున్న మీ బిడ్డలకు ఈసారి ఉత్తరము వ్రాయునప్పుడు గాని ఫోనులో మాటలాడునప్పుడు గాని, ఇంగ్లీషు గ్రామముతో ఆగక ఏటి ఒడ్డువరకు నడువుమని చెప్పుడి. అక్కడ నిలిచి కథ చెప్పు మనిషితో, ఈ నేల మొదట ఎవరిదని పిల్లలచేత అడిగించుమనుడి. అడుగుటకు పిల్లలు వెనుదీయరు. వినుటకు పెద్దలు నేర్చుకొనవలెను.