రాజప్రాసాదమునుండి బయలుదేరిన కొలత

 1908 జూలై 24వ తేదీన లండను ఒలింపిక్సు మారథాన్ జరిగెను; నేటి మారథాన్ ప్రపంచ రికార్డులన్నియు నాటి దూరముతోడనే ముడివడి యున్నవి గనుక, ఆ ముచ్చట నొకమారు స్మరించుట ఉచితము.

క్రీ.పూ. 490లో మారథాన్ యుద్ధవేళ ఫిడిప్పిడీసు ఏథెన్సునుండి స్పార్టాకు పరుగెత్తెనని హెరొడోటసు వ్రాసెను. రణభూమినుండి విజయవార్త తెచ్చి అసువులు బాసిన దూత కథ శతాబ్దముల పిమ్మట ప్లూటార్కు, లూషియనుల రచనలలో గాని కానరాదు. అటుపై పదునెనిమిది శతాబ్దముల నొక్క అంగలో దాటినచో 1896లో మరల ఏథెన్సు చేరుదుము; అచ్చటి ఒలింపిక్సున ఆ దూత స్మారకముగ పెట్టిన సుమారు 40 కిలోమీటర్ల పరుగును స్పిరిడోన్ లూయీ 2 గంటల 58 నిమిషముల 50 సెకనులలో ముగించి గెలిచెను.

లండనులో పరుగు విండ్సరు రాజప్రాసాదమున మొదలై, క్రీడాంగణమున రాజకుటుంబము ఆసీనమైన చోటి యెదుట ముగియవలెనని నిర్ణయించుటచేత, దూరము 26 మైళ్ల 385 గజములైనది. ఇటలీ దేశపు మిఠాయి దుకాణమున పనిచేయు డొరాండో పియెట్రి అందరికన్న ముందుగా అంగణము చొచ్చెను గాని, అలసటచే దిక్కు తెలియక ఎదురు మళ్లెను; పడెను, లేచెను, మరల మరల పడెను; తుదకు చూపరులైన అధికారులే కనికరించి, లేవనెత్తి గీత దాటించిరి. ఆ కనికరమే అతని కొంప ముంచినది. అమెరికనుల అభ్యంతరముపై అతనిని తొలగించి, 2 గంటల 55 నిమిషముల 18 సెకనులలో వచ్చిన జానీ హేస్‌కు స్వర్ణపతక మిచ్చిరి. మరునాడు రాణి అలెగ్జాండ్రా ఓడిన వానికి బంగారుపూత పూసిన వెండి పాత్ర బహూకరించెను. హేసు పేరు మరచిన లోకము నేటికిని డొరాండోను మరువలేదు.

ఆ లండను దూరమే 1921లో 42.195 కిలోమీటర్లుగ స్థిరపడినది. అంతకు పూర్వము 1912లో స్టాక్‌హోమున 40.2, 1920లో ఆంట్వెర్పున 42.75 కిలోమీటర్లు పరుగెత్తించిరి; పూలమ్మువారి మూరవలె ఏ ఊరి మారథాన్ ఆ ఊరిదే.

కొలత కుదిరినను చిక్కు తీరలేదు. 1981లో న్యూయార్కున సలజారు సాధించిన 2:08:13 ప్రపంచోత్తమ మనుకొనగా, మార్గము సుమారు 150 మీటర్లు తక్కువ యని పిదప తేలినది. నేడు సైకిలు చక్రమునకు చుట్లు లెక్కించు యంత్రము తగిలించి, కిలోమీటరునకొక మీటరు అదనముగ చేర్చి కొలుచుచున్నారు. 2011లో బోస్టనున జెఫ్రీ ముటాయి 2:03:02లో పరుగెత్తెను. అప్పటి రికార్డు 2:03:59. అయినను లెక్కలోనికి రాలేదు: ఆ మార్గము ఒకే దిక్కునకు సాగును, కిలోమీటరునకొక మీటరుకన్న ఎక్కువ దిగును, ఆనాడు గాలియు వెన్నుదన్నై వీచెను. 2019లో వియన్నాలో కిప్చోగే రెండు గంటల లోపున, 1:59:40లో ముగించెను. వంతులవారీగా తోడు పరుగెత్తిన వారుండుటచేత అదియు రికార్డు కాలేదు. 2023లో షికాగోలో కిప్టుము సాధించిన 2:00:35 మాత్రము రికార్డుగ గుర్తింపు పొందినది.

దిగు దారికి నిషేధము పెట్టిన శాస్త్రము, ఎక్కు దారికి గాని, ఎండకు గాని పరిహార మియ్యదు. 1960లో రోమున అబెబే బికిల పాదరక్షలు లేక సాధించిన 2:15:16ను, నేటి కార్బను పలకల బూట్ల వేగముతో ఏ తక్కెడ తూచును? కావున రికార్డులు ఉండనిండు. కాని కాలము చెప్పునప్పుడెల్ల ఊరి పేరును, సంవత్సరమును జోడించి చెప్పుడు.