విద్యార్థినుల నాయకత్వానికి జాతీయ సేవా పథకం పురస్కారం

తెలకపల్లి మండలం వంటి గ్రామీణ ప్రాంతాల నుంచి డిగ్రీ చదువుకు వచ్చే విద్యార్థినుల నాయకత్వ ప్రతిభకు జాతీయ స్థాయిలో గుర్తింపు తెచ్చే అవకాశాలలో జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) పురస్కారం ముఖ్యమైనది. 1969 సెప్టెంబరు 24న ప్రారంభమైన ఈ పథకం రజతోత్సవం సందర్భంగా 1993-94లో పురస్కారాలను నెలకొల్పారు.

ఇందుకు కొలమానం మార్కులు కాదు. రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తిచేయాలి. విద్యార్థినులకు అసలు పరీక్ష శిబిరమే. రాత్రి బసకు ఇంటివారు సమ్మతించనిచో, ఏడాది పొడవునా పనిచేసిన వాలంటీరుకు సైతం అర్హత చేజారుతుంది. కావున కార్యక్రమ అధికారులు ముందుగానే తల్లిదండ్రులను కలిసి వసతి, భద్రత ఏర్పాట్లను వివరించడం అత్యంతావశ్యకం.

2020-21 సంవత్సరపు 42 పురస్కారాలను 2022 సెప్టెంబరు 24న రాష్ట్రపతి శ్రీమతి ద్రౌపది ముర్ము ప్రదానం చేశారు. వాటిలో 30 వాలంటీర్లకే దక్కాయి.